ఆరో సేవ

పిల్లల్ని పెంచడానికి క్లాసులేమిటి అని మన ఇళ్లల్లో పెద్దవాళ్లు నవ్వుతారు. నవ్వడంలో న్యాయముంది. కాన్పుకి పుట్టింటికొచ్చిన అమ్మాయికి నీళ్లు పోయడం, ఉగ్గు పెట్టడం, నాలిక్కి వస రాయడం చెప్పడానికి అమ్మ ఉండేది, అవ్వ ఉండేది. ఫీజు లేదు, టైంటేబుల్ లేదు. అయితే ముర్రుపాలు పిండి పారబోయమని చెప్పిందీ చాలాచోట్ల ఆ బడే.

దానికి తోడు ఇంకో బడి కావాలని గట్టిగా నమ్మిన తెలుగు మనిషి దుర్గాబాయి. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి తొలి అధ్యక్షురాలైంది. ఆ బోర్డు ఊళ్లల్లో తెరిచిన కేంద్రాల్లో పిల్లలకు బాలవాడీ, తల్లులకు ప్రసూతి సాయం, ఆడవాళ్లకు చదువు, చేతిపని కలిసి నడిచాయి. బిడ్డ బాగుండాలంటే ముందు తల్లి చేయి పట్టుకోవాలన్నది అందులోని ఆలోచన. అటు మహారాష్ట్రలో తారాబాయి మోడక్, అనుతాయి వాఘ్ బడికి రాలేని ఆదివాసీ పిల్లల ముంగిట్లోకే బడిని తీసుకెళ్లారు. అంగన్ అంటే ముంగిలి. అంగన్‌వాడీ అన్న మాట అక్కడిది.

1975 అక్టోబరు 2న దేశంలో 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైంది. అందులో సేవలు ఆరు. అదనపు ఆహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైతే పెద్దాసుపత్రికి పంపడం, బడికి ముందు చదువు. ఆరోది పోషకాహార, ఆరోగ్య విద్య: 15 నుంచి 45 ఏళ్ల ఆడవాళ్లకు బిడ్డ పెంపకం గురించి చెప్పడం. పేరేదైనా, ఇది ఉచిత పేరెంటింగ్ క్లాసే.

మిగతావాటికి లెక్క ఉంటుంది. గుడ్లు లెక్కపెట్టొచ్చు, బరువు తూచొచ్చు, టీకా కార్డు మీద టిక్కు పెట్టొచ్చు. కూర్చుని మాట్లాడటాన్ని ఏ రిజిస్టరులో రాస్తాం? పైగా మాట్లాడాల్సిన టీచరుకి ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. వాళ్లకి గ్రాట్యుటీ హక్కు ఉందని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు సమ్మెకు దిగినప్పుడు వాళ్ల డిమాండ్లలో గ్రాట్యుటీ ఇంకా ఉంది.

ఈ చరిత్రకి పరీక్ష ఇప్పుడు శ్రీ సిటీ లాంటి చోట జరుగుతోంది. సత్యవేడు, వరదయ్యపాలెం మండలాల్లో, తమిళనాడు సరిహద్దు పక్కన, 2008 నుంచి పెరుగుతూ వచ్చిన ఫ్యాక్టరీల ఊరిది. ఫోన్లు, కార్లు, మెట్రో రైలు పెట్టెలు తయారవుతాయి. ఊరొదిలి ఇలాంటి చోటికొచ్చి, అద్దెగదిలో కాపురం పెట్టిన జంటకి అవ్వ ఫోన్లో మాత్రమే దొరుకుతుంది. అంగన్‌వాడీ నడిచేది పగలు. షిఫ్టు ఆ వేళలు చూసుకుని రాదు.

ఇంకో సంగతి. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించి, 50 మంది ఉద్యోగులున్న సంస్థలో క్రెష్ ఉండాలన్నారు. ఆ 50 మందిని లెక్కపెట్టేటప్పుడు మగవాళ్లూ వస్తారు. రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకునే వీలు దగ్గరికి వచ్చేసరికి మాత్రం చట్టం స్త్రీ అనే రాసింది. 1975లో ఆరో సేవ రాసినవాళ్లూ అంతే. తల్లికి నేర్పాలనుకున్నారు, తండ్రి ఊసే లేదు. చుట్టూ పదిమంది ఆడవాళ్లున్న ఇంట్లో ఆ లోపం కనపడకుండా గడిచిపోయింది. ఇద్దరే ఉన్న అద్దెగదిలో గడవదు. తల్లి షిఫ్టుకి వెళ్లిన రాత్రి, జ్వరంతో ఉన్న బిడ్డ పక్కన ఉండేది ఆ తండ్రే.

దుర్గాబాయి తరం తల్లి చేయి పట్టుకుంది. దాన్ని చిన్నబుచ్చనక్కర్లేదు. కానీ ఆ తరగతిలో రెండో చాప పరవడం యాభై ఏళ్లుగా బాకీ ఉంది. అది మన వంతు.