పాత ట్రక్కు, పొద్దుటి చలి, కాస్త చరిత్ర

పాత కోడ్‌లో అర్థంకాని లైను కనిపిస్తే తీసి పారెయ్యాలని మనకి చెయ్యి దురద. పాత బండ్ల విషయంలోనూ జరిగేది ఇదే. అమెరికాలో 1970లు, 80ల నాటి పెట్రోలు పికప్ ట్రక్కులు ఇంకా అక్కడక్కడా తిరుగుతున్నాయి. వాటికి మామూలుగా వచ్చే జబ్బొకటుంది. పొద్దున్నే స్టార్టవుతుంది, నిలకడగానే ఉంటుంది, యాక్సిలరేటర్ తొక్కగానే టక్కున ఆగిపోతుంది. వేడెక్కాక ఏ గొడవా ఉండదు. మెయిన్ రోడ్డెక్కుతుండగా ఆగిందంటే మాత్రం వెనకొచ్చేవాడి బ్రేకుల మీదే మన ప్రాణం.

ఎందుకాగుతుంది? ఇంజన్లో మండాల్సింది పెట్రోలు ఆవిరి. చలికి అది సరిగా ఆవిరి కాక లోపలి గోడలకి అంటుకుపోతుంది. పైగా తొక్కగానే గాలి దూసుకొస్తుంది, బరువైన పెట్రోలు వెనకబడుతుంది. ఆ క్షణాన సిలిండర్లోకి పెట్రోలు చాలినంత చేరదు.

కార్బురేటర్ చేసినవాళ్ళకి ఇది బాగా తెలుసు. అందుకే గాలి దారి మూసి పెట్రోలు పాలు పెంచే చోక్ పెట్టారు. పాత బజాజ్ స్కూటర్‌కి పొద్దున్నే లాగేవాళ్ళమే, అదే. 1930ల నుంచి అమెరికా కార్లలో వేడిని బట్టి స్ప్రింగుతో తెరుచుకునే ఆటోమేటిక్ చోక్ వచ్చింది. తొక్కినప్పటి లోటుకి యాక్సిలరేటర్ పంపు ఉంది, వెంటనే కాస్త పెట్రోలు చిమ్ముతుంది. అప్పట్లో పెట్రోలు ధారాళంగా పోసేవారు గనక చిన్న లోపాలు బయటపడేవి కావు.

1970 డిసెంబరు 31న నిక్సన్ క్లీన్ ఎయిర్ యాక్ట్ మీద సంతకం పెట్టాడు. కార్ల పొగలో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు 1975 మోడళ్ళకల్లా 90 శాతం తగ్గాలన్నారు. గడువు పొడిగించారు గానీ దారి మారలేదు. పెట్రోలుని పిసినారిగా కొలవడం మొదలైంది, చోక్ త్వరగా తెరుచుకునేలా చేశారు, పొగలో కొంత తిరిగి ఇంజన్లోకి పంపే ఈజీఆర్ వాల్వు వచ్చింది. ఊళ్ళలో గాలి బాగుపడింది. చల్లటి ఇంజన్‌కున్న వెసులుబాటు పోయింది. దాన్ని సర్దడానికి ఎగ్జాస్ట్ దగ్గరి వేడిగాలిని ఎయిర్ క్లీనర్‌లోకి తెచ్చే గొట్టం, దాని చుట్టూ బోలెడు వాక్యూమ్ పైపులు. బానెట్ ఎత్తితే నూడుల్సే!

నేను చూసిన ఒక పికప్‌లో ఆ వేడిగాలి గొట్టమే లేదు. ఎవరో పనికిరాదని పీకేశారు. తర్వాతి మెకానిక్కులు పాపం కార్బురేటర్ మార్చుకుంటూ పోయారు. ఏ ముక్క ఎందుకొచ్చిందో తెలిస్తే వెతకాల్సిన వరస అదే తెలుస్తుంది. ఇంజన్ ఆపి, చల్లగా ఉన్నప్పుడే ఎయిర్ క్లీనర్ మూత తియ్యండి. పెడల్ ఒకసారి తొక్కితే చోక్ మూసుకోవాలి. థ్రాటిల్‌ని చేత్తో కదిపితే పెట్రోలు వెంటనే చిమ్మాలి. రెండూ సరిగ్గా ఉంటే పగిలిన వాక్యూమ్ పైపులు, తెరుచుకుని ఇరుక్కున్న ఈజీఆర్, ఊడిపోయిన గొట్టం చూడాలి. డబ్బులు పెట్టి కొనాల్సినవి ఆ తర్వాతే.

ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చాక ఈ పనంతా కంప్యూటర్ చేతికెళ్ళింది. అమెరికాలో 1996 మోడళ్ళ నుంచి కార్లకీ, చిన్న ట్రక్కులకీ ఓబీడీ-2 తప్పనిసరి. కానీ కంప్యూటర్‌కి ఇంజన్ చల్లగా ఉందని చెప్పేది ఒక చిన్న టెంపరేచర్ సెన్సర్. దాని వైరు తెగితే ఎర్రర్ కోడ్ వస్తుంది. అదే చల్లటి ఇంజన్‌ని వేడిగా ఉందని చెప్తే, విలువ రేంజ్‌లోనే ఉంది కాబట్టి చాలాసార్లు ఏ కోడూ రాదు, పెట్రోలు మాత్రం తగ్గిపోతుంది. మనం రోజూ చూసే బగ్గే కదా!

దీనికీ మందుంది. రాత్రంతా బయట నిలబెట్టిన ట్రక్కుని పొద్దున్నే స్టార్ట్ చెయ్యకముందు స్కానర్ తగిలించండి. కూలెంట్ ఎంత వేడి, లోపలికొచ్చే గాలి ఎంత వేడి అన్న రెండంకెలూ దాదాపు ఒకటే ఉండాలి. బాగా తేడా ఉంటే రెండు సెన్సర్లలో ఒకటి అబద్ధం చెప్తోందన్నమాట.