చలనశాస్త్రమును మన బడులును

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి సీమల పిల్లలకు చలనము క్రొత్త విషయము కాదు. నైజాము ఇనుపదారి 1889లో బెజవాడ చేరిననాటినుండి జనగామవారును మానుకోటవారును రైలుబండిని చూచుచునే యున్నారు. భూపాలపల్లివారి కండ్లయెదుట బొగ్గులారీలు నిత్యము నడచుచున్నవి. బండి ఆగునపుడు ముందునకు తూలని ప్రయాణికుడు లేడు. అయినను జడత్వమన నేమని యడిగిన, తొమ్మిదవ తరగతి పిల్లలు నిర్వచనమును వల్లించి, ఆ తూలుటకు దానితో గల సంబంధమును చెప్పజాలకుండుట మేము పలుమారు చూచితిమి. ఈ లోపము పిల్లలది కాదు. దీనికొక చరిత్ర కలదు.

1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగువారు హైదరాబాదున విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి, తెలుగున శాస్త్రగ్రంథములు వెలువరించిరి. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ బోధనభాషగా వెలసెను. ఉన్నతశాస్త్రములను దేశభాషలో చెప్పవచ్చునని చూపిన ఘనత దానికి చెల్లవలసినదే. కాని ఇంట తెలుగు పలుకు బాలుడు బడిలో బలమును ‘ఖువ్వత్’ అనియు, చలనమును ‘హరకత్’ అనియు నేర్వవలసివచ్చెను. 1948 తరువాత తెలుగు బడికి వచ్చినది; 1968లో తెలుగు అకాడమి యేర్పడినది. 2022లో ప్రభుత్వపాఠశాలలలో ఆంగ్లబోధన విస్తరించినది. భాషలు మారినవి, వల్లెవేయుట మాత్రము మారలేదు.

మాటలును కొంత చిక్కు తెచ్చినవి. లోకవ్యవహారమున బలము, శక్తి యొక్కటే, శాస్త్రమున వేరు. జడమన కదలనిదని యెల్లరెరుగుదురు. కావున కదలు వస్తువునకును జడత్వము కలదన్న పిల్లలు నమ్మరు.

త్రోయునది లేక వస్తువు కదలదని గ్రీకుదేశపు అరిస్టాటిలు తలచెను. విడిచిన బాణము తనయందలి వేగమను సంస్కారముచే సాగునని మన ప్రశస్తపాదుడు చెప్పెను. సమవేగముతో తిన్నగా సాగుటకు బలమక్కరలేదు, ఆ గతి మారుటకే బలము కావలెనని 1687లో న్యూటను తన గ్రంథమున స్థాపించెను. ఎద్దులు నిలిచిన బండియు నిలుచుటచూచిన మన పిల్లవాడు అరిస్టాటిలువలె తలచుట మూఢత్వము కాదు. ఘర్షణ కంటికి కనబడదు గదా! ఇరుసునకు కందెన వేయు రైతు దాని నెరుగును గాని, ఆ యెరుక బడిగడప దాటి లోనికి రాలేదు.

ఉపాధ్యాయులారా, తల్లిదండ్రులారా, ఒక గోళీని ఒకే వాలునుండి ఇసుకమీదికి, గోనెమీదికి, నున్నని బండమీదికి జారవిడిచి, ప్రతిమారు ఎంతదూరము పోయెనో పిల్లలచేతనే కొలిపింపుడు. బండ యింకను నున్ననైన నేమగునని యడుగుడు. కుమారునితోపాటు కుమార్తెనుగూడ అడుగుడు. ఆ ప్రశ్నకు తమంతట బదులు చెప్పిన పిల్లలకు సూత్రము ఏ భాషలోనున్నను పరాయిది కాదు.