కొండంచున గాజు ఇల్లు

2025 నవంబరులో లాస్ ఏంజెలెస్‌లో ఒక ఇల్లు అమ్మకానికి వచ్చింది. విస్తీర్ణం సుమారు 2,200 చదరపు అడుగులు, పడగ్గదులు రెండే. అడిగిన ధర మాత్రం రెండున్నర కోట్ల డాలర్లు. పేరు స్టాల్ హౌస్. కట్టించిన కుటుంబం దాన్ని బేరానికి పెట్టడం ఇదే మొదటిసారి.

బక్ స్టాల్ సైన్‌బోర్డులు రాస్తూ, గ్రాఫిక్ డిజైన్ పని చేసేవాడు. భార్య కార్లోటాతో కలిసి అతను ఉండే అద్దె ఇంటికి ఎదురుగా, హాలీవుడ్ కొండల్లో ఒక ఖాళీ స్థలం కనిపించేది. మూడు వైపులా వాలు, కింద నగరమంతా. ఇల్లు కట్టడానికి పనికిరాదని అందరూ వదిలేసిన ఆ చోటునే 1954 మేలో 13,500 డాలర్లకు బేరమాడుకున్నారు.

కొన్నారు సరే, ఇల్లు నిలవాలంటే నేల ఉండాలి కదా! శని, ఆదివారాలు వస్తే బక్ నిర్మాణ పనులు జరిగే చోట్లకు వెళ్లేవాడు. పారేసిన కాంక్రీటు పెళ్లలు కారులో వేసుకొచ్చి, వాలు జారకుండా అంచు వెంట ఒక్కొక్కటే పేర్చేవాడు. ఇలా కొన్నేళ్లు గడిచాయి. ఈలోగా తన ఊహలోని ఇంటికి నమూనా కూడా తనే చేసుకున్నాడు. అతని పట్టుదల ఒక్కటే: ఏ గదిలోంచి చూసినా నగరం కనిపించాలి, మధ్యలో గోడ అడ్డు రాకూడదు.

1957లో ఆ నమూనా 32 ఏళ్ల ఆర్కిటెక్ట్ పియరీ కోనిగ్ చేతికి వచ్చింది. కోనిగ్‌కు ఉక్కంటే ప్రాణం. కాలేజీలో చదువుతుండగానే, 1950లో, తనకోసం ఉక్కుతో ఇల్లు కట్టుకున్నవాడు. ఫ్యాక్టరీలకు, గిడ్డంగులకు వాడే దూలాలు కాపురముండే ఇంటికి ఎందుకు పనికిరావన్నది అతని ప్రశ్న. రెండో ప్రపంచ యుద్ధం ముగింపుకొస్తున్న రోజుల్లో ఇలాంటి ప్రశ్నలకు వేదికగా ‘ఆర్ట్స్ అండ్ ఆర్కిటెక్చర్’ పత్రిక సంపాదకుడు జాన్ ఎంటెంజా 1945లో ‘కేస్ స్టడీ హౌస్’ కార్యక్రమం మొదలుపెట్టాడు. కొత్త సామగ్రితో నమూనా ఇళ్లు కట్టించి జనానికి చూపించడం దాని ఉద్దేశం. స్టాల్ ఇల్లు అందులో 22వది.

బక్ నమూనాలోని వంపు కప్పును కోనిగ్ తిన్నగా మార్చాడు, బక్ కోరికను మాత్రం అలాగే ఉంచాడు. స్తంభాల మధ్య 20 అడుగుల ఎడం ఇచ్చాడు. బరువంతా ఉక్కు మోస్తుంది గనుక గోడలకు మోసే పని తప్పింది. గోడ ఉండాల్సిన చోట గాజు నిలిచింది. ఎండ నేరుగా లోపల పడకుండా కప్పును బయటికి చాచాడు. రోడ్డు వైపు మాత్రం మూసేశాడు. దారిన పోయేవాళ్లకు ఈ ఇల్లు రేకుల షెడ్డులా కనిపిస్తుంది!

కొండ కొసన గాజు ఇంటికి అప్పు ఇవ్వడానికి బ్యాంకులు జంకాయి. చివరికి నల్లజాతివారు నడిపే బ్రాడ్‌వే ఫెడరల్ సంస్థ ముందుకొచ్చింది, ఈత కొలను కూడా కట్టాలన్న షరతుతో. తర్వాతి రోజుల్లో స్టాల్ పిల్లలు ఇంటి కప్పెక్కి ఆ కొలనులోకే దూకేవారు.

1960 మే 9న ఫొటోగ్రాఫర్ జూలియస్ షుల్మన్ వచ్చేసరికి ఇంటిపని ఇంకా పూర్తి కాలేదు. చీకటి పడ్డాక ఇద్దరు అమ్మాయిలను గాజు గదిలో కూర్చోబెట్టాడు. కింది నగర దీపాలు పడేందుకు కెమెరా కన్ను ఏడు నిమిషాలు తెరిచి ఉంచి, చివర్లో లోపల ఫ్లాష్ వెలిగించాడు. గాల్లో తేలుతున్నట్టున్న ఆ గది బొమ్మే ఇంటిని లోకానికి చూపించింది. 1999లో నగరం దీన్ని చారిత్రక కట్టడంగా గుర్తించింది. 2013లో జాతీయ చారిత్రక స్థలాల జాబితాలోనూ చేరింది.

ఇన్నేళ్లూ టికెట్ కొన్నవాళ్లు లోపలికి వెళ్లి, బక్ చూసిన ఆ నగరాన్నే చూసేవారు. కొత్త యజమాని వచ్చాక ఆ తలుపు తెరిచి ఉంచడం, మూసేయడం ఆయన ఇష్టం.