పోరడు తాగుతడా?

మా దిక్కు సంబంధం వచ్చిందంటే వాకబులో మొదటి ప్రశ్న ఇదే: ‘‘పోరడు తాగుతడా?’’ తమాషా ఏంటంటే, తెలంగాణలో బీడీ కూడా తాగేదే. విజయనగరంలో గిరీశం చుట్ట కాలుస్తాడు, గోదావరిఖనిలో మా బాపు బీడీ తాగుతడు. అయినా ఆ ప్రశ్నకు అర్థం సారా ఒక్కటే. బీడీ లెక్కలోకి రాదు.

ఆడపిల్ల తరఫువాళ్లు అడగని ఆ రెండో సంగతిని రోజూ అడిగింది బొగ్గుబాయి. బొగ్గు గనుల నిబంధనల ప్రకారం అండర్‌గ్రౌండ్‌లోకి బీడీ, అగ్గిపెట్టె తీసుకుపోకూడదు. దిగేముందు జేబులు తడిమి చూస్తారు. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకని లోపల దవడన తంబాకు, పైకి రాగానే, ఇంకా మొహమైనా కడుక్కోకముందే, బీడీ. ‘‘ఆయన మానలేడు బిడ్డా’’ అని అమ్మలు సర్దిచెప్పిన మనిషి షిఫ్టు ఉన్నంతసేపూ నిప్పు ముట్టించకుండా ఉన్నవాడే. (తంబాకు నమిలాడు కదా అంటారా, నిజమే.)

మరి పిల్లలెందుకు అడగలేదు? వాసన పడక అనడానికి మా నానమ్మ తరం ఆడవాళ్లే చుట్టలు తాగారు. అసలు కారణం నౌకరీ. సింగరేణి పిల్లగాడంటే నెలజీతం, క్వార్టరు, దవాఖాన. తండ్రి అన్‌ఫిట్ అయితే కొడుక్కి వచ్చే ఉద్యోగం. అంత కొలువును బీడీకట్ట చూసి వద్దనే ధైర్యం ఏ ఇంట్లో ఉంటుంది?

రెండో కారణం ఇంకా చేదు. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లో పిల్లసూపులకు వచ్చినవాళ్లు ‘‘బీడీలు చేస్తదా?’’ అని అడిగేవాళ్లు. రోజుకు వెయ్యి చుట్టే వేళ్లకు గిరాకీ. బీడీ కార్మికులకు పీఎఫ్ వచ్చాక, అది ఉన్న పిల్లకు ఇంకాస్త విలువ. చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరించే పిల్ల, ‘బీడీ తాగేవాణ్ని చేసుకోను’ అంటే ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్లు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేచారు. మరుసటేడు అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా బంద్. బీడీ మీద అట్లాంటి లడాయి ఎక్కడా లేవలేదు. సారా జీతాన్ని ఆ రాత్రికే మింగేది, కొట్టించేది. బీడీ అట్లా అల్లరి చేయదు. యాభై దాటాక దగ్గు మొదలైతే దాన్ని బొగ్గుదుమ్ము ఖాతాలో వేసేవాళ్లం. దుమ్ముకు పొగ తోడైతే ఊపిరితిత్తులకు రెండు దెబ్బలని మాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఉద్యోగం చూసి చేసుకునేవాళ్లమే అనుకుంటా.

2016-17 గ్యాట్స్ సర్వేలో దేశంలో పొగతాగే మగవాళ్లు 19 శాతం, ఆడవాళ్లు 2 శాతం. అంటే ఇప్పటికీ ఈ ప్రశ్న ఎక్కువగా ఆడపిల్లే అడగాలి. ఇప్పుడు అడుగుతున్నారు కూడా. నాకు తెలిసిన ఇళ్లలో మొదట అడిగింది మా చిన్నమ్మ బిడ్డ. చిన్నాయన అన్‌ఫిట్ అయ్యాక ఆయన ఉద్యోగం దానికే వచ్చింది. కొలువు ఇటువైపు ఉంటే ప్రశ్న కూడా ఇటునుంచే వస్తుంది మరి. పిల్లసూపుల్లో ఆ అబ్బాయిని తాగుతరా అని కాదు, ‘‘రోజుకెన్ని తాగుతరు?’’ అని అడిగింది.

‘‘ఫ్రెండ్స్‌తోని ఉన్నప్పుడే, ఒకటో రెండో.’’

‘‘బాయిమీద జేబులు చూస్తరు. ఇంట్ల నేను చూడాల్నా?’’

పెద్దవాళ్లు నవ్వేశారు. అది నవ్వలేదు. లోపలి అర్ర నుంచి చిన్నాయన దగ్గు వినిపిస్తూనే ఉంది.

సంబంధం అక్కడితో ఆగింది. వాళ్లు వెళ్లాక చిన్నమ్మ ఒక్క మాటా అనలేదు. మూలకు పెట్టిన చాట ముందేసుకుని, తడిపిన ఆకు తీసి కత్తిరించడం మొదలుపెట్టింది.