కోనసీమ రాకపోకలు: రేవు, గట్టు, వంతెనల చరిత్రలో ప్రమాదం

ఉపోద్ఘాతం

కోనసీమను గురించిన రచనల్లో ప్రధానంగా కనిపించేవి కొబ్బరితోటలు, వరిచేలు, వేదపండితుల అగ్రహారాలు, ధవళేశ్వరం ఆనకట్ట తెచ్చిన సిరి. ఈ సీమలోకి మనిషి ఎలా వచ్చాడు, ఎలా బయటపడ్డాడు, ఆ దారిలో ఏం పోగొట్టుకున్నాడు అన్న విషయాలకు అంత చోటు దొరకలేదు. సాగునీటి చరిత్ర విస్తారంగా నమోదైంది. రాకపోకల చరిత్ర మాత్రం ఊరిపేర్లలో, అన్నదాన గాథల్లో, కథల్లో చెల్లాచెదురుగా మిగిలింది. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల ప్రయాణాల్లో ప్రమాదం ఏయే రూపాల్లో ఉండేదో, వంతెనలు వచ్చాక అది ఎక్కడికి మారిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నీటి మధ్య నేల

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. ఆ రెండింటికీ సముద్రానికీ నడుమ ఉన్న నేల కోనసీమ. వసిష్ఠ నుంచి గన్నవరం దగ్గర విడివడిన వైనతేయ ఈ నేలను మళ్లీ రెండు చేస్తుంది. కాబట్టి రాజోలు వాసి అమలాపురం రావాలన్నా ఏరు దాటాలి, నరసాపురం పోవాలన్నా ఏరు దాటాలి. అమలాపురం నుంచి కాకినాడకు పోయేవారికి గౌతమి అడ్డు.

ఈ పరిస్థితికి ఊరిపేర్లే తొలి సాక్ష్యం. ఎదురులంక, పశువుల్లంక, బండారులంక, బోడసకుర్రు, గంగలకుర్రు వంటి పేర్లలోని లంక, కుర్రు అనే మాటలు నీటితో ముడిపడిన నేలలను తలపిస్తాయి. ఏరు ఒకచోట గట్టును కోసి మరొకచోట మేట వేస్తుంది. నిరుడు పడవ ఆగిన రేవులో ఈ ఏడు ఇసుక తిప్ప లేవవచ్చు. కోనసీమలో దారి ఎప్పుడూ స్థిరమైన వస్తువు కాదని ఈ పేర్లు గుర్తుచేస్తాయి.

ఆనకట్ట, కాలువ, పడవ

సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. తర్వాత తవ్విన కాలువలు సాగుకే కాక ప్రయాణానికీ పనికివచ్చాయి. లాకుల గుండా పడవలు నడిచాయి. ధాన్యం, కొబ్బరికాయలు, మనుషులు అదే నీటి మీద సాగారు. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు. లేకపోతే గెడ వేసేవారు, లేదా గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవారు.

కాలువ పడవకు ఏటి పడవకున్నంత మునక భయం లేదు. దానికి వేరే భయాలున్నాయి. పాలగుమ్మి పద్మరాజు ‘పడవ ప్రయాణం’ కథ ఇక్కడ ప్రస్తావనార్హం. రాత్రివేళ కాలువలో సాగే పడవ, అందులోకి ఎక్కిన రంగి, ఆమె మనసిచ్చిన దొంగ పద్దాలు, సరుకు మాయం కావడం ఆ కథకు ఆధారాలు. విమర్శకులు ఎక్కువగా రంగి ప్రేమలోని వైచిత్రిని చర్చించారు. రవాణా చరిత్ర దృష్టితో చదివితే అదే కథ మరొక విషయం చెబుతుంది. నెమ్మదిగా సాగే పడవ, నిద్రపోయే ప్రయాణికులు, చీకటి గట్లు దొంగతనానికి అనువైన చోట్లు. సరుకు పోతే ఆ భారం పడవవాళ్ల మీద పడుతుంది. కల్పన కావచ్చు గాని, ఆ కల్పన నమ్మదగినదిగా ఉండటానికి కారణం అటువంటి భయం పాఠకులకు పరిచితం కావడమే.

వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టివేసినప్పుడు ఈ సౌకర్యమూ ఉండేది కాదు. అప్పుడు పుంతలే గతి. వానాకాలంలో ఆ పుంతల్లో బండి ఇరుసు దాకా దిగబడేది. అంటే ఏడాదిలో ప్రతి ఋతువుకూ ఒక దారి, ఆ దారికి తగిన ఒక ఆపద ఉండేవి.

గన్నవరం అక్విడెక్టు ఈ సందర్భంలో ప్రత్యేకంగా గమనించదగింది. వైనతేయను దాటించి నగరం దీవికి కాలువ నీరు చేర్చడం దాని ప్రధాన ప్రయోజనం. పాలకుల దృష్టిలో మొదట ఏరు దాటవలసింది నీరు. ఎందుకంటే నీటి వెంట శిస్తు వస్తుంది. మనుషుల కోసం పెద్ద వంతెనలు కావాలన్న ఆలోచన ఆచరణలోకి రావడానికి చాలా కాలం పట్టింది.

రేవు, ఆకలి, అన్నదానం

ఏరు దాటడమంటే ముందు వేచి ఉండటం. గాలి తిరిగినా, వరద పెరిగినా, పొద్దు గుంకినా పడవ కదలదు. రేవులో చిక్కుబడినవారికి ఎదురయ్యే తొలి ఆపద ఆకలి. ఈ నేపథ్యంలో చూసినప్పుడే లంకల గన్నవరానికి చెందిన డొక్కా సీతమ్మ (1841–1909) అన్నదానానికి పూర్తి అర్థం బోధపడుతుంది. వేళకాని వేళ వచ్చినవారికి సైతం ఆమె వండి పెట్టిందన్నది ప్రసిద్ధం. ఆమె అంతర్వేది స్వామి దర్శనానికి బయలుదేరి, దారిలో ఆకలితో నడుస్తున్న వారు ‘సీతమ్మగారి ఇల్లు చేరితే అన్నం దొరుకుతుంది’ అనుకోవడం విని వెనుదిరిగిందనే కథ ఇప్పటికీ జనంలో ఉంది.

ఈ కథను భక్తిగాథగానో, దాతృత్వ నిదర్శనంగానో చెప్పుకోవడం పరిపాటి. కాని కథలోని మనుషులందరూ ప్రయాణికులే. యాత్రకు పోయే గృహిణి, అన్నం కోసం ఊరు చేరాలని నడుస్తున్న బాటసారులు, వారి మధ్య ఏటిగట్టు ఊరు. రాకపోకల అనిశ్చితే ఈ అన్నదానాన్ని అవసరం చేసింది. 2000లో ప్రారంభమైన గన్నవరం కొత్త అక్విడెక్టుకు ఆమె పేరు పెట్టడంలో ఈ స్మృతికి తగిన గౌరవం ఉంది.

రేవుకు మరొక సామాజిక పాత్ర కూడా ఉంది. ఎవరు ఎప్పుడు వచ్చారో, ఎవరు పోయారో తెలిసినవాడు రేవు మనిషి. బాపు దర్శకత్వంలో 1967లో వచ్చిన ‘సాక్షి’ చిత్రంలో హత్యకు సాక్ష్యం చెప్పేవాడు బల్లకట్టు నడిపే అమాయకుడు కావడం యాదృచ్ఛికం అనిపించదు. ఈ చిత్రం కొత్తపేట ప్రాంతంలోని పులిదిండిలో తయారైంది.

వంతెనల కాలం

జొన్నాడ–రావులపాలెం దగ్గర గౌతమి మీద, సిద్ధాంతం దగ్గర వసిష్ఠ మీద జాతీయ రహదారి వంతెనలు రావడంతో కోనసీమ ఉత్తర ద్వారం తెరుచుకుంది. దక్షిణాన ఉన్న ఊళ్లు ఇంకా రేవుల మీదే ఆధారపడ్డాయి. యానాం–ఎదురులంక, దిండి–చించినాడ వంతెనలు 21వ శతాబ్ది ఆరంభంలో గాని అందుబాటులోకి రాలేదు. ఎదురులంక వంతెనకు లోక్‌సభ స్పీకరుగా పనిచేసిన జి.ఎం.సి. బాలయోగి పేరు పెట్టారు. ఎదురులంక వాసి అయిన ఆయన 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టరు ప్రమాదంలో మరణించారు. కోటిపల్లి–నరసాపురం రైలుమార్గం కూడా ఆ కాలంలోనే మంజూరైంది.

వంతెనలు ప్రాణభయాన్ని తగ్గించాయి, ఆసుపత్రిని దగ్గర చేశాయి. అయితే ప్రమాదం పూర్తిగా తొలగిపోలేదు, చోటు మార్చుకుంది. కోనసీమలో రోడ్లు చాలావరకు పాత కాలువగట్లే. తాడు లాగేవాడు నడిచిన గట్టు మీద తారు పడింది. ఇరుకు మలుపు, ఒకవైపు కాలువ, మరొకవైపు పల్లపు చేను, అడ్డుగోడ లేని అంచు, పుష్యమాసపు మంచు, ఎదురుగా కొబ్బరికాయల లారీ. వాహనం అదుపు తప్పితే పడేది నీటిలోకే. మనిషి నడకకు తగ్గ వెడల్పున్న దారి మీద యంత్రం వేగం వచ్చి చేరడమే ఈ ప్రమాదాలకు మూలం.

వరద, తుఫాను వేళ పాత కోనసీమ మళ్లీ బయటపడుతుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక జారీ అవుతుంది. ముక్తేశ్వరం దగ్గరి ఎదురుబిడియం కాజ్‌వే వంటివి మునిగినప్పుడు లంకవాసులకు పడవే దిక్కు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు గట్టు ఊళ్లకూ అదే స్థితి దాపురించింది. 1996 నవంబరు 6 నాటి తుఫానులో కూలిన కొబ్బరిచెట్లు రోడ్లను మూసివేశాయి. సీమకు సిరి ఇచ్చిన చెట్టే సాయానికి అడ్డుపడింది.

లంకల ప్రశ్న

2018 జులై 14న ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర గౌతమిలో పడవ బోల్తా పడింది. అందులో బడి నుంచి ఇళ్లకు తిరిగి వస్తున్న విద్యార్థులున్నారు. ఆ పడవ తాకింది నిర్మాణంలో ఉన్న వంతెన స్తంభాన్ని. పాత ఆపదకూ కొత్త పరిష్కారానికీ మధ్య ఆగిపోయిన కాలం ఎంత ప్రమాదకరమో చెప్పడానికి ఇంతకుమించిన ఉదాహరణ అక్కరలేదు. ఇప్పటికీ కోటిపల్లి–ముక్తేశ్వరం, సఖినేటిపల్లి–నరసాపురం రేవుల్లో దూరం తగ్గించుకోవడానికి పంటు ఎక్కేవారున్నారు. వారికి చుట్టుదారి అయినా ఉంది. లంకలోని పిల్లకు చదువుకోవాలంటే ఏరు దాటక తప్పదు. ఒకే పడవ ఒకరికి వెసులుబాటు, మరొకరికి అనివార్యం.

ముగింపు

కోనసీమ రాకపోకల్లో ప్రమాదం ఏటి నుంచి కాలువగట్టుకు, రేవు నుంచి రోడ్డు అంచుకు మారిందే తప్ప అంతరించలేదు. ఈ మార్పు అందరికీ ఒకేసారి అందలేదు. రహదారి పక్క ఊళ్లకు ముందు, సముద్రతీరానికి తర్వాత, లంకలకు చివర. డెల్టా అభివృద్ధిని సాగుభూమి విస్తీర్ణంతో మాత్రమే కొలిచినంతకాలం ఈ వరస కనిపించదు. రేవు పదజాలం, గట్టు ఊళ్ల జ్ఞాపకాలు, పడవ కథలు తెలుగు పరిశోధకులు సేకరించవలసిన ఆకరాలు. సరంగులు, గెడ వేసినవారు, తాడు లాగినవారు వృద్ధులవుతున్నారు. వారు చెప్పగలిగిన కాలంలోనే ఈ సేకరణ జరగాలి. ఆ చరిత్ర సమగ్రమైతే, లంకలోని పిల్లకు వంతెన ఎప్పుడన్న ప్రశ్న సాగునీటి ప్రశ్నతో సమానమైన బరువుతో నిలుస్తుంది.