పేరులోని పరాభవము

వరుసపెట్టి పిలుచుట మన యిండ్లలో మర్యాద. అమెరికా దక్షిణ రాష్ట్రములలో నట్లు గాదు. అచ్చటి తెల్లవారు వయసు మీరిన నల్లజాతి స్త్రీని ‘ఆంట్’, అనగా అత్త, అని పిలిచినది ‘మిసెస్’ అను గౌరవపదము నామె కీయ నొల్లకయే.

1889లో మిస్సోరీ రాష్ట్రమందలి సెయింట్ జోసెఫ్ పట్టణమున నొక అట్లపిండికి ‘ఆంట్ జెమైమా’ యను పేరు పెట్టిరి. మొగమునకు మసి పూసికొని నల్లవారిని వెక్కిరించు ఆటలలోని పాటనుండి యది వచ్చినది. 1893లో చికాగో ప్రదర్శనమున నా వేషముతో అట్లు పోసిన నాన్సీ గ్రీన్ బానిసగా పుట్టిన స్త్రీ. సరకుమీద నామె పేరు లేదు; యజమానులకు వండిపెట్టుటయే భాగ్యమని నవ్వుచుండు కల్పిత దాసి పేరే యుండెను.

అట్లపిండి పేరునకై యింత చర్చ యేల యని కొందఱందురు. మేమట్లు తలంపము. అక్షరములు రాకమునుపే బిడ్డ పెట్టెమీది బొమ్మను జూచి, యొక జాతి సేవకే పుట్టినదని నేర్చికొనును. పిదప బడిపాఠము దానిని మాన్పుట కష్టము.

ఆ పేరు జాతిని కించపఱచు కల్పనపై నిలిచినదని 2020లో క్వేకర్ ఓట్స్ కంపెనీవా రొప్పుకొనిరి. 2021లో ‘పెరల్ మిల్లింగ్ కంపెనీ’ యని మార్చిరి. పేరు మారినది గాని పిండి మారలేదు. సరకు చెల్లుబాటునకు పరజాతి పరాభవ మవసరము గాదనుటకు వేఱు సాక్ష్య మేల?