సల్ఫ్యూరిక్ ఆమ్లంలో మలినాల తొలగింపు

సీసపు గదుల పద్ధతిలో తయారైన సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని (గంధకికామ్లం) మరిగించి గాఢపరచడానికి ముందు, అందులో కరిగి ఉన్న ఆర్సెనిక్, నైట్రోజన్ ఆక్సైడులు, సెలీనియం మొదలైన పదార్థాలను వేరుచేయడాన్ని ఆమ్ల శుద్ధి అంటారు. 19వ శతాబ్దపు ఐరోపా రసాయన పరిశ్రమలో ఇది ముఖ్యమైన దశ. సీసపు గదులు ఇప్పుడు వాడుకలో లేకపోయినా, మలినాన్ని తరువాతి దశకు పోనివ్వరాదన్న సూత్రం నేటి స్పర్శ పద్ధతిలోనూ అమలులో ఉంది.

మలినాలు వచ్చే దారి

సీసపు గదుల పద్ధతిని 1746లో జాన్ రోబక్ ఇంగ్లండులోని బర్మింగ్‌హాం నగరంలో ప్రారంభించాడు. మొదట సిసిలీ ద్వీపపు గంధకాన్ని మండించేవారు. అది చాలావరకు శుద్ధమైనది కావున ఆమ్లం కూడా శుద్ధంగానే ఉండేది. 1838లో సిసిలీ గంధకం వ్యాపారం ఒకే సంస్థ గుత్తాధిపత్యంలోకి వెళ్ళి ధర బాగా పెరగడంతో, తయారీదారులు ఇనుప పైరైటు ఖనిజం వైపు మళ్ళారు. పైరైటులో ఆర్సెనిక్ ఉంటుంది. ఖనిజాన్ని కాల్చినపుడు అది ఆర్సెనిక్ ట్రైఆక్సైడు (తెల్ల పాషాణం) ఆవిరిగా మారి, సల్ఫర్ డయాక్సైడుతో పాటు గదులలోకి చేరి ఆమ్లంలో కరుగుతుంది.

సెలీనియం కూడా ఈ దారినే వస్తుంది. స్వీడన్‌కు చెందిన బెర్జీలియస్ 1817లో ఈ మూలకాన్ని కనుగొన్నది గనిలోనో ప్రయోగశాలలోనో కాదు, ఫాలున్ పైరైటును వాడిన ఆమ్ల కర్మాగారంలో సీసపు గది అడుగున పేరుకున్న ఎర్రని మడ్డిలో. నైట్రోజన్ ఆక్సైడులు మాత్రం ఖనిజం నుండి రావు. చర్యను నడిపించేవి అవే, కొంత భాగం ఆమ్లంలో మిగిలిపోతుంది. గదుల గోడల నుండి లెడ్ సల్ఫేటు కొద్దిగా కరుగుతుంది. ఆమ్లాన్ని పలుచన చేసినపుడు కనిపించే తెల్లని మబ్బు అదే.

స్వేదనానికి ముందే ఎందుకు?

గదుల నుండి వచ్చే ఆమ్లంలో సుమారు మూడింట రెండు వంతులు సల్ఫ్యూరిక్ ఆమ్లం, మిగిలినది నీరు. దీనిని సీసపు తొట్లలో 78 శాతం వరకు గాఢపరచవచ్చు. అంతకు మించితే వేడి ఆమ్లం సీసాన్నే తినివేస్తుంది కాబట్టి ఆపైన గాజు లేదా ప్లాటినం పాత్రలు వాడేవారు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. సాధారణంగా స్వేదనం అంటే శుద్ధ పదార్థం ఆవిరై, మలినం అడుగున మిగలడం. గాఢపరచడంలో జరిగేది దాదాపు దీనికి వ్యతిరేకం: నీరు ఆవిరైపోతుంది, ఆమ్లం పాత్రలో మిగులుతుంది, దానితో పాటే ఆవిరి కాని మలినాలు మరింత చిక్కబడతాయి. గాఢత 98.3 శాతానికి చేరాక, సుమారు 338 డిగ్రీల సెల్సియస్ వద్ద, ఆమ్లం, నీరు అదే నిష్పత్తిలో కలిసి మరుగుతాయి. ఇంకా మరిగించి ప్రయోజనం లేదు.

రెండవ కారణం ఆర్సెనిక్‌ను వేరుచేసే విధానంలోనే ఉంది. పలుచని ఆమ్లంలోకి హైడ్రోజన్ సల్ఫైడు వాయువును పంపితే ఆర్సెనిక్ సల్ఫైడు పసుపుపచ్చని అవక్షేపంగా దిగుతుంది. ఆయుర్వేదంలో తాళకం, హరిదళం అని పిలిచే ఖనిజం కూడా రసాయనికంగా ఇదే. గాఢ ఆమ్లంలో ఈ పని కుదరదు. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం హైడ్రోజన్ సల్ఫైడును ఆక్సీకరించి గంధకంగా మార్చివేస్తుంది, ఆర్సెనిక్ ఎక్కడిదక్కడే ఉండిపోతుంది. అందుచేత మరిగించక ముందే, ఆమ్లం పలుచగా ఉండగానే వాయువును పంపి, అవక్షేపాన్ని వడపోసి, ఆ తరువాతనే పొయ్యి ఎక్కించాలి. అవక్షేపం కూడా విషపదార్థమే. దానిని ఏం చేయాలన్నది మరొక సమస్య.

నైట్రోజన్ ఆక్సైడులు నైట్రోసిల్ సల్ఫ్యూరిక్ ఆమ్లం రూపంలో ఉంటాయి. ఇవి ఎంత మరిగించినా సులువుగా పోవు, పైగా విలువైన ప్లాటినం పాత్రను క్షయింపజేస్తాయి. ఫ్రెంచి శాస్త్రవేత్త పెలూజ్ సూచించిన ప్రకారం కొద్దిగా అమ్మోనియం సల్ఫేటు కలిపి వేడిచేస్తే, రెండూ చర్య జరిపి నైట్రోజన్ వాయువుగానూ నీరుగానూ మారతాయి.

ప్రయోగశాలలకు కావలసిన అతిశుద్ధ ఆమ్లం కోసం మాత్రం ఆమ్లాన్నే ఆవిరి చేసి పట్టేవారు. అప్పుడు ఆర్సెనిక్ ట్రైఆక్సైడులో కొంత భాగం ఆవిరితో పాటు దాటిపోతుంది. దీనిని ఆపడానికి ముందుగా నైట్రిక్ ఆమ్లంతో ఆక్సీకరించి, అంత సులువుగా ఆవిరి కాని ఆర్సెనిక్ ఆమ్లంగా మార్చేవారు.

1900 నాటి బీరు విషప్రమాదం

శుద్ధిని వదిలివేస్తే ఏమవుతుందో ఇంగ్లండులోని మాంచెస్టర్, సాల్ఫోర్డ్ ప్రాంతాలలో 1900లో తెలిసింది. బీరు తయారీకి వాడే గ్లూకోజు, విలోమ చక్కెరలను సల్ఫ్యూరిక్ ఆమ్లం సాయంతో తయారు చేసేవారు. ఒక చక్కెర సంస్థకు శుద్ధిచేసిన ఆమ్లానికి బదులు పైరైటు నుండి వచ్చిన ఆమ్లం శుద్ధి చేయకుండానే అందింది. సున్నంతో తటస్థపరచినపుడు ఆమ్లం జిప్సంగా వేరైపోయింది గాని, ఆర్సెనిక్ చక్కెరలోనే నిలిచి, అక్కడి నుండి బీరులోకి చేరింది. 6,000 మందికి పైగా అస్వస్థులయ్యారు, కనీసం 70 మంది మరణించారు. కాళ్ళు చేతుల తిమ్మిరి, పక్షవాతం కనిపించడంతో మొదట వైద్యులు దీనిని అతిగా తాగినందువలన వచ్చే నరాల జబ్బుగా భావించారు. బీరులో ఆర్సెనిక్ ఉన్నదని నవంబరు 1900లో వైద్యుడు ఎర్నెస్ట్ రేనాల్డ్స్ గుర్తించాడు. తాను అమ్మిన ఆమ్లం ఆహారపదార్థాల తయారీకి పోతున్నదని తనకు తెలియదని ఆమ్ల విక్రేత వాదించాడు.

1901లో లార్డ్ కెల్విన్ అధ్యక్షతన ఏర్పడిన రాయల్ కమీషన్ తుది నివేదికను 1903లో ఇచ్చింది. ద్రవ ఆహారాలలో ఆర్సెనిక్ గ్యాలనుకు నూరవ వంతు గ్రెయిను (లీటరుకు సుమారు 0.14 మిల్లీగ్రాములు) మించరాదని సూచించింది. ఆర్సెనిక్‌ను పట్టే మార్ష్ పరీక్ష 1836 నుండి అందుబాటులో ఉంది. అయితే ఆ పరీక్షకు వాడే జింకు, సల్ఫ్యూరిక్ ఆమ్లం కూడా ఆర్సెనిక్ లేనివై ఉండాలి, లేనిచో పరీక్షే అబద్ధం చెబుతుంది.

స్పర్శ పద్ధతిలో

స్పర్శ పద్ధతికి పెరిగ్రిన్ ఫిలిప్స్ 1831లోనే పేటెంటు పొందినా, ప్లాటినం ఉత్ప్రేరకం త్వరగా పనిచేయడం మానివేయడంతో చాలాకాలం అది పరిశ్రమగా నిలబడలేదు. దీనికి ప్రధాన కారణం వాయువులోని ఆర్సెనిక్ అని జర్మనీలోని బి.ఎ.ఎస్.ఎఫ్. సంస్థకు చెందిన రుడాల్ఫ్ నీట్ష్ చూపించాడు. అప్పటి నుండి శుద్ధి ఆమ్లం దశ నుండి వాయువు దశకు జరిగింది. ఖనిజాన్ని కాల్చగా వచ్చిన వాయువును చల్లబరచి, కడిగి, స్థిరవిద్యుత్ అవక్షేపకాలతో ఆమ్లపు తుంపరను పట్టి, ఆరబెట్టిన తరువాతనే ఉత్ప్రేరకం మీదికి పంపుతారు. తరువాత వచ్చిన వనేడియం పెంటాక్సైడు ఆర్సెనిక్‌ను ప్లాటినం కంటే బాగా తట్టుకుంటుంది. గంధకాన్నే నేరుగా మండించే కర్మాగారాలలో కడిగే అవసరం సాధారణంగా ఉండదు. రాగి, జింకు వంటి లోహాల ఖనిజాలను కాల్చే చోట మాత్రం వాయువును కడగడం తప్పనిసరి.